తెరచి ఉంచవలెను

నాగులవలసలో కుళాయి నీళ్ళు ఏ వీధికి ఎప్పుడు వస్తాయో మూడేళ్ళ క్రితం దాకా ఒక్క గవరయ్యకే తెలిసేది. అది కూడా ఆయన వాల్వు తిప్పాకే తెలిసేది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు ట్యాంకు నిండుతుంది, ట్యాంకు నిండాక ఆయన సైకిలెక్కి, పొడుగాటి ఇనపకడ్డీ భుజాన వేసుకుని ఏ వీధికి ముందెళ్తే ఆ వీధికి ముందు నీళ్ళు. మిగతా వీధుల ఆడవాళ్ళు తెల్లవారక ముందే లేచి, బిందెల పక్కన గోడకి చేరగిలబడి కునుకుతూ కూర్చునేవారు.

గొల్లవీధిలో ఇడ్లీకొట్టు నడిపే దాలమ్మ అలా కూర్చుని కూర్చుని ఒకరోజు పొయ్యి మీద పెట్టిన పప్పు మాడ్చేసింది. ఆ కొట్టు పైన మేడగదిలో పైల హేమసుందరి ఉంటుంది. ముప్పై ఆరేళ్ళ మనిషి. ఎవరి కిందా ఉద్యోగం చేయకుండా సొంతంగా ప్రోగ్రాములు రాసుకుంటుంది. ఆమె చేసే పనేమిటో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు గనక, అడిగిన వాళ్ళకి దాలమ్మే చెప్పేది, "మా పాప కంప్యూటర్ రాత్తాది" అని.

మాడిన పప్పు వాసన మేడ మీదికి వచ్చింది. హేమసుందరి దిగి వచ్చి సంగతి కనుక్కుంది. తర్వాత నాలుగు రోజులు కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. గవరయ్య వాల్వు దగ్గరికి చేరగానే ఆ వీధికని పెట్టిన నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తాడు. వెంటనే ఆ వీధిలో పేరు రాయించుకున్న వాళ్ళందరి ఫోన్లకీ "మీ వీధికి పది నిమిషాల్లో నీళ్ళు" అని మెసేజి వెళ్తుంది. అంతే. దానికి 'కబురు' అని పేరు పెట్టింది. తన పాత కంప్యూటరు ఒకటి తీసుకెళ్ళి మునిసిపల్ ఆఫీసు నీటి విభాగంలో, బ్లీచింగు బస్తాల మధ్య బీరువా మీద పెట్టింది. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు.

కబురు ఎలా పనిచేస్తుందో రాసిన రాతంతా ఆమె ఇంటర్నెట్‌లో పెట్టేసింది. ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, తమకి కావలసినట్టు మార్చుకోవచ్చు. ఆమెని అడగక్కర్లేదు. ఇది ఊరికే పుట్టిన ఔదార్యం కాదు. విశాఖపట్నంలో ఆమె పనిచేసిన కంపెనీ ఒకటి ఆసుపత్రులకి సాఫ్ట్‌వేరు అమ్మేది. ఒక శుక్రవారం ఆ కంపెనీ మూతపడింది. సోమవారం నుంచి పన్నెండు ఆసుపత్రుల్లో రోగుల చీటీలన్నీ లోపలే బిగుసుకుపోయాయి. ఒక పిల్లల డాక్టరు ఫోను చేసి, "అమ్మా, ఏ పిల్లకి ఏ టీకా వేశానో చూసుకోవాలి, ఒక్క గంట తెరిపించండి" అని బతిమాలింది. రాసింది తనే అయినా హేమసుందరి దగ్గర తాళం లేదు. ఆ రోజు అనుకుంది, ఇక తను రాసే దేనికీ తాళం ఉండకూడదని. తను ఉన్నా పోయినా అది నడవాలని.

అలాగే నడిచింది. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన కబురు రెండేసి సార్లు వెళ్తుంటే, నాసిక్ దగ్గర ఎవరో లెక్కల మాస్టారు ఆ తప్పు కనిపెట్టి సరిచేసి పంపాడు. ఇంకెక్కడో పాలకేంద్రం వాళ్ళు పశువుల డాక్టరు వచ్చే వేళ చెప్పడానికి దాన్నే మార్చి వాడుకున్నారు. తను ముఖం చూడని మనుషులు తన రాతని దిద్దుతుంటే హేమసుందరికి ఇంట్లో చుట్టాలు తిరుగుతున్నట్టు ఉండేది.

మూడేళ్ళు ఇలా గడిచాక పైనుంచి సర్క్యులర్ వచ్చింది.

సర్క్యులర్ మంచిదే. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్, అంటే రాసిన రాత ఎవరైనా చూడగలిగే సాఫ్ట్‌వేర్లే వాడాలనీ, ఏదీ ఒక్కచోట కేంద్రీకృతం కాకూడదనీ ఎవరో తెలిసినవాళ్ళే రాశారు. అయితే అది నాగులవలస చేరేసరికి తెలుగులోకి వచ్చింది, సోర్సు కాస్తా మూలమైంది. అందులో నాలుగో అంశం: "ఉపయోగములో ఉన్న ప్రతి సాఫ్ట్‌వేరు యొక్క మూలమును పౌరుల పరిశీలనార్థము తెరచి ఉంచవలెను. తెరచి లేనిదానిని వాడరాదు." అయిదో అంశం: "సదరు మూలము ఏ ఒక్క చోటను, ఏ ఒక్క వ్యక్తి వద్దను కేంద్రీకృతము కారాదు."

కమిషనరు ప్రతాపగిరి విద్యాధరరావుగారు అప్పుడే ఈ విషయం మీద రెండు రోజుల వర్క్‌షాపుకి వెళ్ళి, భుజానికి గుడ్డసంచీతో, కళ్ళలో కొత్త వెలుగుతో తిరిగొచ్చారు. తమ ఆఫీసులో అలాంటిది ఏదైనా ఉందా అని విచారిస్తే బీరువా మీద కంప్యూటరు దొరికింది. హేమసుందరికి పిలుపు వచ్చింది.

"చాలా సంతోషమమ్మా," అన్నారు విద్యాధరరావుగారు. "జిల్లాలో మనదే ప్రథమ స్థానం కావాలి. ఇది ఓపెనేనా?"

"ఓపెనేనండి. మొదట్నుంచీ."

"ఎక్కడ ఓపెన్‌గా ఉంది?"

"నెట్‌లో ఉందండి. ఎవరైనా చూడొచ్చు."

కమిషనరుగారు సూపరింటెండెంటు వైపు చూశారు. సూపరింటెండెంటు నిట్టల పురుషోత్తంగారు ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క ఫైలూ పోగొట్టుకోని మనిషి. ఆయన గొంతు సవరించుకున్నారు.

"నెట్ మన పరిధిలోకి రాదండి. తెరచి ఉంచవలెను అన్నప్పుడు, ఉంచవలసిన బాధ్యత ఈ కార్యాలయానిది గనుక, ఈ కార్యాలయంలో ఉంచినప్పుడే ఉంచినట్టు."

"అది కాగితం మీద ఉండేది కాదండీ," అంది హేమసుందరి.

"కాగితం మీద లేనిది ఉన్నట్టు ఎలా పరిగణిస్తామమ్మా?" అన్నారు పురుషోత్తంగారు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

కబురు రాతంతా ప్రింటు తీస్తే ముప్పై ఎనిమిది పేజీలైంది. పుస్తకంగా కుడదామంటే ఒక పేజీ తెరిస్తే మిగతావి మూసుకుంటాయి, అది నాలుగో అంశానికి విరుద్ధం. అందుకని సమావేశ మందిరంలో బల్లలు వరసగా వేసి, ముప్పై ఎనిమిది కాగితాలూ విడివిడిగా, వెల్లకిలా పరిచారు. గాలికి ఎగరకుండా ఫ్యాన్లు ఆపేశారు. కాగితాల మీద రాళ్ళు పెడితే రాయి కింద ఉన్న అక్షరాలు మూసినట్టవుతుందని ఒక అభ్యంతరం వచ్చింది గనక, రాళ్ళు అంచుల్లోనే పెట్టారు. గుమ్మానికి బోర్డు కట్టారు: "కబురు మూలము. సందర్శన వేళలు ఉదయం 10 నుండి సాయంత్రం 5 వరకు."

ఆ బోర్డుతోనే అసలు చిక్కు మొదలైంది. సాయంత్రం అయిదుకి మందిరానికి తాళం వేస్తారు. తాళం వేశాక మూలం తెరచి లేదు. తెరచి లేనిదానిని వాడరాదు. కాబట్టి అయిదు కాగానే పురుషోత్తంగారు స్వయంగా నీటి విభాగానికి వెళ్ళి, కబురు కంప్యూటరు ఆపి, రిజిస్టరులో వేళ రాసి సంతకం పెట్టేవారు. మర్నాడు పదింటికి మళ్ళీ ఆన్ చేసేవారు. గవరయ్య తెల్లవారుజామున ఇచ్చిన మిస్డ్ కాల్స్ అన్నీ అప్పుడు ఒక్కసారిగా లెక్కకొచ్చేవి. సరిగ్గా పది గంటలకి ఊరు ఊరంతటికీ "మీ వీధికి పది నిమిషాల్లో నీళ్ళు" అని కబురు వెళ్ళేది. ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని కుళాయిల దగ్గరికి పరిగెత్తేది. నీళ్ళు నాలుగు గంటల క్రితమే వచ్చి వెళ్ళిపోయి ఉండేవి.

మూడో రోజుకి దాలమ్మ ఖాళీ బిందెతో ఆఫీసుకే వచ్చింది.

"ఏటి బాబూ ఇది? నీళ్ళు ఎల్లిపోయినాక వత్తాయని సెప్తారేటి?"

విద్యాధరరావుగారు ఆమెని కూర్చోబెట్టి, ఓపిగ్గా విని, ప్రజాభిప్రాయానికి విలువ ఇవ్వాల్సిందేనన్నారు. కబురుకీ నీళ్ళకీ మధ్య సమన్వయ లోపం ఉన్న మాట నిజమేనని ఒప్పుకున్నారు. కబురు వేళలు సర్క్యులరుకి లోబడినవి గనుక మార్చలేం, నీళ్ళ వేళలు మన చేతిలోవే గనుక మారుద్దామన్నారు. మర్నాటి నుంచి నాగులవలసకి పది నుంచి అయిదు వరకు, మధ్యలో భోజన విరామం మినహాయించి, నీళ్ళు వదిలారు. రెండో శనివారం, ఆదివారం, ఇతర ప్రభుత్వ సెలవు దినాల్లో వదలలేదు.

దాలమ్మ కొట్టులో ఇడ్లీ మధ్యాహ్నం పన్నెండింటికి తయారయ్యేది. పన్నెండింటికి ఇడ్లీ తినేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

హేమసుందరి మళ్ళీ వెళ్ళింది. మందిరంలో అడుగు పెట్టేసరికి జనం బల్లల చుట్టూ మూగి, పెన్నులతో కాగితాల మీద రాస్తున్నారు. ఆరో పేజీలో వీధుల పేర్ల పట్టిక ఉంది. మేదరవీధి వాళ్ళు కొత్తపేట కొట్టేసి తమ పేరు మొదట రాసుకున్నారు. కొత్తపేట వాళ్ళు మేదరవీధి కొట్టేసి తమది రాసుకున్నారు. ఎవరో పెద్దమనిషి పదిహేనో పేజీ మార్జిన్లో తన పింఛను రావడం లేదని రాశారు. పురుషోత్తంగారు ప్రతి దిద్దుబాటు పక్కనా పొట్టి సంతకం పెడుతున్నారు.

"ఇదేంటండి?"

"పౌరులకి మార్చే హక్కు ఉందని మీరే చెప్పారు గదమ్మా. నూట డెబ్బై ఒక్క సవరణలు అందాయి. వీటిని మీరు కంప్యూటర్లోకి ఎక్కించి, అమలు పరచి, నివేదిక సమర్పించాలి."

"మార్చుకునే హక్కంటే ఎవరి కాపీని వాళ్ళు మార్చుకోవడమండి. అందరూ వాడేదాంట్లోకి మార్పు రావాలంటే అది పనిచేస్తుందో లేదో చూసి తీసుకోవాలి. ఇది ఎక్కిస్తే మొత్తం ఆగిపోతుంది."

"అంటే ప్రజల సవరణని తిరస్కరించే అధికారం మీ ఒక్కరి దగ్గర ఉందన్న మాట," అన్నారు పురుషోత్తంగారు నెమ్మదిగా. పక్కనే ఉన్న కమిషనరుగారి ముఖంలో దీపం వెలిగింది.

"కేంద్రీకృతం!" అన్నారాయన. "అయిదో అంశం!"

ఆ వారంలోనే వికేంద్రీకరణ జరిగింది. ముప్పై ఎనిమిది పేజీల్ని ఇరవై నాలుగు వార్డులకి పంచారు. జనాభా ప్రాతిపదికన పద్నాలుగు వార్డులకి రెండేసి, పది వార్డులకి ఒక్కొక్కటి. తొమ్మిదో వార్డుకి వచ్చిన పేజీలో పైన ఒక బ్రాకెట్టు, మిగతాదంతా తెల్లకాగితం. "మా వార్డుకి బ్రాకెట్టు పడేసి చేతులు దులుపుకుంటారా? ఇది వివక్ష" అని ఆ వార్డు సభ్యుడు బైఠాయించాడు. ఇంకొక బ్రాకెట్టు చేత్తో రాసిచ్చి లేపారు.

మూలం ఇప్పుడు ఏ ఒక్కరి దగ్గరా లేదు. కాబట్టి కబురు నడవాలంటే ఇరవై నలుగురు వార్డు సభ్యులూ తమ తమ పేజీలతో హాజరై, బల్లల మీద పరిచి, కోరం ఉన్నట్టు తీర్మానించాలి. కబురు లేకుండా నీళ్ళు వదిలితే సమన్వయ లోపం అవుతుంది గనక కోరం ఉన్నప్పుడే నీళ్ళు. మొదటిరోజు పదకొండో వార్డు సభ్యుడు పేజీ జేబులో పెట్టుకుని అరకు వెళ్ళాడు. రెండో రోజు ఆయన వచ్చాడు గానీ, పంతొమ్మిదో వార్డు సభ్యురాలు పేజీ నలిగిపోతోందని లామినేషన్ చేయించి తెచ్చారు. ప్లాస్టిక్ లోపల ఉన్నది తెరచి ఉన్నట్టా, మూసి ఉన్నట్టా? పైనుంచి వివరణ కోరుతూ లేఖ రాశారు. వివరణ వచ్చేదాకా కోరం వాయిదా.

ఊరికి నాలుగు రోజులు నీళ్ళు లేవు. దాలమ్మ కొట్టు తలుపు మూసే ఉంది. ఆమె మెట్ల మీద కూర్చుని, పైకి చూడకుండా అంది: "నీ మీద కోపం నేదు పాపా. కానీ ఆ కంప్యూటర్ రాయకపోతే, గోడకి కూలబడి కునుకుతూ అయినా నీళ్ళు పట్టుకుందును గదా."

హేమసుందరికి ఆ మాట కమిషనరు ఆఫీసులో విన్న మాటలన్నిటికంటే గట్టిగా తగిలింది. తాళం లేని వస్తువు చేయాలనుకుంది. దాన్ని ఇరవై నాలుగు ముక్కలు చేసి ఇరవై నాలుగు తాళాలు వేశారు. పైగా దాని పేరు కూడా మార్చలేదు, ఓపెన్ అనే అంటున్నారు. తన చేతి పనిని తనే గుర్తుపట్టలేకుండా చేశారని ఏడుపొచ్చింది.

అప్పుడే గవరయ్య వచ్చాడు. సైకిలు గోడకి ఆనించి, కడ్డీ దించి, చెమట తుడుచుకున్నాడు.

"అమ్మా, నాను ఒక్కణ్ణే వాల్వు తిప్పడం కేంద్రీకృతం అంట. నాను కేంద్రీకృతం కాదని కాయితం మీద రాసిచ్చీమంటన్నారు. మా అయ్య కూడా ఎప్పుడూ కాదమ్మా. ఎలగ రాయాలో మీరే సెప్పండి."

హేమసుందరికి నవ్వాగలేదు. దాలమ్మ కూడా నవ్వింది. గవరయ్య మాత్రం నవ్వలేదు.

"ఇంకోటమ్మా. ఏటొడ్డున పంపు మన మునిసిపాలిటీది కాదు, వేరే శాఖది. ఆళ్ళు రోజూ తోడతానే వున్నారు. ట్యాంకు నిండిపోయి పొర్లి కాలవలోకి పోతంది. సూత్తంటే కడుపు తరుక్కుపోతంది."

హేమసుందరి నవ్వు ఆగిపోయింది. "పొర్లిపోతోందా బాబాయ్? రోజూనా?"

"రోజూ."

ఆమె కాగితం తీసింది. ఇన్నాళ్ళుగా ఆ ఆఫీసులో విన్న భాష చెవుల్లో ఉండనే ఉంది. "గౌరవనీయులైన కమిషనరువారి సముఖమునకు: ఓవర్‌హెడ్ ట్యాంకు ప్రతిదినము పొంగిపొర్లుచు కట్టడమునకు ప్రమాదము వాటిల్లు అవకాశము ఉన్నందున, ప్రతిదినము ఉదయం అయిదు గంటలకు సదరు ట్యాంకును ఖాళీ చేయుటకు అనుమతి కోరడమైనది" అని రాసి గవరయ్య చేత సంతకం పెట్టించింది.

పురుషోత్తంగారు దాన్ని రెండుసార్లు చదివారు. నీళ్ళు సరఫరా చేయడానికి నిబంధనలున్నాయి. ఖాళీ చేయడానికి ఏ నిబంధనా లేదు. కమిషనరుగారి చేత "భద్రత దృష్ట్యా అనుమతించడమైనది" అని రాయించారు. ట్యాంకు ఖాళీ చేసే గొట్టాలు ఎటు వెళ్తాయో దరఖాస్తులో చెప్పలేదు, అనుమతిలో అడగలేదు. అవి కుళాయిలకే వెళ్తాయి.

ఆ లోపల హేమసుందరి మూడు రోజులు గది దాటి రాలేదు. కబురుని మామూలు ఫోనులో నడిచేటట్టు కుదించింది. ఎవరి వీధి సంగతి వాళ్ళ ఫోనులోనే, మధ్యలో కంప్యూటరు అక్కర్లేదు. మొదటి కాపీ దాలమ్మ ఫోనులో పెట్టింది.

"నాకు సదువు రాదు పాపా."

"చదవక్కర్లేదు పిన్నీ. గవరయ్య బాబాయ్ ఫోను కొడితే అదే పంపుతుంది. నువ్వు చార్జింగు పెట్టుకుంటే చాలు. ఇది నీదే. ఎవరైనా అడిగితే ఇచ్చేయ్, నన్నడగొద్దు."

దాలమ్మ ఎవరినీ అడగలేదు. కొట్టు తెరిచిన మొదటిరోజే ఇడ్లీకి వచ్చిన మేదరవీధి కోడలికి ఇచ్చింది. ఆమె కొత్తపేటలో చెల్లెలికి ఇచ్చింది. రెండు వారాల్లో కబురు ఇరవై ఆరు ఫోన్లలో ఉంది. ఎవరో మెసేజికి బదులు మాట వినపడేలా మార్చుకున్నారు, ముసలాళ్ళకి బాగుందని. ఇంకెవరో గవరయ్య ఆ రోజు సెలవైతే ముందే చెప్పేలా చేర్చారు. హేమసుందరి మేడ మీద కూర్చుని వాటిని చూసేది. నచ్చినవి తనూ తీసుకునేది. మళ్ళీ ఇంట్లో చుట్టాలు తిరుగుతున్నట్టుండేది, ఈసారి ముఖాలు తెలిసిన చుట్టాలు.

పైనుంచి వివరణ రాకపోయినా, ఆఫీసులో వార్డు సభ్యులు మాత్రం కోరం కోసం రోజూ పదకొండింటికి సమావేశమవుతూనే ఉన్నారు. ఇరవై నలుగురూ ఏ రోజూ రాలేదు. అయినా నీళ్ళ గురించి ఫిర్యాదులు ఆగిపోయాయి. నెలాఖరు నివేదికలో విద్యాధరరావుగారు "సంపూర్ణ వికేంద్రీకరణ ఫలితముగా ఫిర్యాదులు శూన్యము" అని రాశారు. జిల్లా నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మిగతా మునిసిపాలిటీల వాళ్ళు వచ్చి బల్లలు చూసి, ఎన్ని రాళ్ళు వాడారో రాసుకుని వెళ్ళారు.

ఆ రాకపోకల్లోనే ఎవరో నోరు జారారు, ఊళ్ళో ఇంకో కబురు తిరుగుతోందని. అనుమతి లేకుండా, తీర్మానం లేకుండా, తెరచి ఉంచకుండా.

సోమవారం పొద్దున్న ఏడింటికి పురుషోత్తంగారు స్వయంగా మేడమెట్లు ఎక్కి వచ్చారు. చేతిలో నోటీసు. హేమసుందరి కుర్చీ వేసింది. ఆయన కూర్చోకుండానే చదివారు: "సదరు అనధికార కబురును తక్షణమే నిలుపుదల చేయనిచో తమపై చట్టరీత్యా..."

"నేను నడపడం లేదండి," అంది హేమసుందరి.

"రాసింది మీరే గదమ్మా?"

"రాసింది నేనే. నేను ఆపితే నా ఫోనులో ఆగుతుంది. మిగతా ఇరవై అయిదు నాకు తెలియకుండానే నడుస్తాయి. నా చేతిలో లేదండి. కావాలనే నా చేతిలో లేకుండా చేశాను."

"అయితే ఎవరి చేతిలో ఉంది?"

"ఎవరి వీధిది వాళ్ళ చేతిలో."

పురుషోత్తంగారు ఇప్పుడు కూర్చున్నారు. ఆయన మనసులో ఒక నోటీసు ఇరవై ఆరు నోటీసులవడం ఆమెకి ముఖంలోనే కనిపించింది. "జాబితా ఉందా?" అన్నారు.

ఉంది. దాచాల్సిందేమీ లేదు, ఎవరు నడుపుతున్నారో ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆమె రాసిచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని వేలితో ఒక్కొక్క పేరు మీదుగా దిగారు. గొల్లవీధి, దాలమ్మ. మేదరవీధి, పార్వతి. కొత్తపేట, రత్నకుమారి. కోర్టువీధి దగ్గర వేలు ఆగింది.

"ఈ నిట్టల సుభద్ర..."

"మీ ఇంటావిడేనండి. నీళ్ళు ఇంకెంతసేపు ఉంటాయో కూడా చెప్పేలా మార్చింది ఆవిడే. చాలా బాగుంది. అందరం అదే తీసుకున్నాం."

పురుషోత్తంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కింద దాలమ్మ కొట్టులో ఎవరో పచ్చడి ఎక్కువ వేయమంటున్నారు.

"నెల రోజులుగా పొద్దున్నే లేపి తొట్టి నింపమంటోంది," అన్నారు చివరికి. "నీళ్ళొచ్చే వేళ నీకెలా తెలుసంటే, తెలుసులెండి, బకెట్టు తీయండి అంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసమ్మా నాది. మా ఇంట్లో నా మీద సర్క్యులర్ నడుస్తోంది."

"మరి ఆవిడకి కూడా నోటీసు ఇస్తారా?"

"ఇచ్చి తీరాలి. నిబంధన అందరికీ ఒకటే." ఆయన జేబులోంచి పెన్ను తీశారు. జాబితాని నోటీసు వెనక అతికించి, దాని కింద గుండ్రటి దస్తూరీతో రాశారు: "పైన పేర్కొన్న ఇరవై ఆరుగురు వ్యక్తులను వారి వారి చిరునామాలలో విచారించగా, సదరు వేళలో అందరును నీళ్ళు పట్టుకొనుచున్నందున నోటీసు అందజేయుటకు వీలుపడలేదు."

సంతకం పెట్టి తారీఖు వేస్తుండగా ఆయన జేబులో ఫోను మోగింది, సుభద్రగారి ఫోను నుంచి కబురు. కోర్టువీధికి పది నిమిషాల్లో నీళ్ళు, ఇరవై రెండు నిమిషాల పాటు. పురుషోత్తంగారు పెన్నుకి మూత పెట్టకుండానే లేచి, మెట్లు రెండేసి దిగుతూ ఇంటివైపు పరిగెత్తారు.